కండువా ఎక్కిన తెప్ప

చేపలమ్మే ఆమె గంప దించి, తలమీది చుట్టకుదురుతో మొహం తుడుచుకుంటూ చెప్పింది.

"ఈ నాల్రోజులూ మావోలు ఏటకెల్లనేదమ్మా. మా ఊరి పెద్ద, పాత రాజు పోనాడు."

గరివిడిలో ఇన్నేళ్ళుగా ఆమె దగ్గర కొంటున్నాను. ఏ ఊరని ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అడిగాను. చెప్పింది. నాగావళి సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో, ఇసకలో ఉండే పల్లె. నేనొకసారి కాదు, రెండుసార్లు వెళ్ళిన పల్లె.

"మీ రాజు చదువుకున్నాయనా?" అన్నాను.

"ఆయనకి సదువేటమ్మా! సదూకున్నోడు ఆయనన్న. సికాకోలు కాలేజీల పాఠాలు సెప్పీవోడట. వయసులోనే గంగమ్మ తీసీసుకున్నాది. ఈయన తమ్ముడు." ఇంకో గుప్పెడు నెత్తళ్ళు కొసరు వేసి, "గంప ఎత్తమ్మా" అంది. ఎత్తాను. వెళ్ళిపోయింది.

ఇప్పుడు పోయింది ఆ చదువుకున్న అన్నే. నాకు బి.ఏ.లో చరిత్ర చెప్పిన మాస్టారు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. చెప్పినా నమ్మదు, నమ్మితే నాకే ఇబ్బంది. లోపలికి వెళ్ళి నెత్తళ్ళు బాగుచేసుకున్నాను, పులుసు పెట్టాను, తిన్నాను. ఏడుపేమీ రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాను కూడా.

ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యంలోనే పెన్ను ఆగింది. పేరు రాయాలి కదా. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి, ఊరు తగిలించిన పేరు ఒకటి. ఏది రాసినా రెండోది అబద్ధమవుతుంది. అందుకని పేరు లేకుండానే రాస్తున్నాను. కాలేజీలో మేం బాబిలోను మాస్టారు అనేవాళ్ళం. దానితో సరిపెట్టుకుందాం.

అరవైల చివరి మాట. మా క్లాసులో ఆడపిల్లలం ఒక్క బెంచీకి సరిపోయేవాళ్ళం. ఆయన పాంటూ చొక్కా వేసుకుని, వాటిమీద కండువా వేసుకుని వచ్చేవారు. పాంటుమీద కండువా ఏమిటని మగపిల్లలు నవ్వేవారు. ఆయన ఆ కండువాతోనే బోర్డు తుడిచేవారు, దానితోనే మొహం తుడుచుకునేవారు, పీరియడ్ అయ్యేసరికి బాబిలోను రాజుల సుద్దపొడి అంతా ఆయన నుదుటిమీద ఉండేది.

కుర్చీలో మాత్రం కూర్చునేవారు కాదు. బల్ల అంచుమీద ఒక తొడ ఆనించి నిలబడేవారు. ఒకసారి ఎవరో "కూర్చోండి సార్" అన్నారు.

"కుర్సీల కూకోడం తేలికే బాబూ. లెగడం కష్టం" అన్నారు.

పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో ఉండేది, పాఠం మొదట్లో పుస్తకాల తెలుగులో ఉండేది, ఊపు రాగానే సముద్రం ఒడ్డుకి వచ్చేసేది. మిగతా దేశాల చరిత్ర ఏదో జీతానికి చెప్పినట్టు చెప్పేసి, బాబిలోను రాగానే చొక్కా చేతులు పైకి మడిచేవారు. యుద్ధాలు పట్టించుకునేవారు కాదు. హమ్మురాబి చట్టాల గురించి పరీక్షలో వస్తుంది, చదువుకోండి అని వదిలేశారు. ఆయనకి కావలసింది ఒక్కటే, ఒక రాజు పోయాక ఆ గద్దెమీద ఎవడు కూర్చున్నాడు, ఎలా కూర్చున్నాడు. బోర్డుమీద పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి, తండ్రి నుంచి కొడుక్కి గీత లాగేవారు. గీత దిగుతూ దిగుతూ ఒకచోట తెగిపోయేది. అక్కడ సుద్దముక్కతో టకటకా కొట్టేవారు.

"ఈడెవుడో తెలీదు. మట్టి పలకలమీద రాసినోలు ఇలగటోణ్ణి 'ఎవడి కొడుకూ కాడు' అని రాసీవోరు. తిట్టనుకున్నారు ఆలు. అదృష్టం కాదేటి? ఎవుడి కొడుకూ కాపోతే ఎవుడి కుర్సీ మొయ్యక్కర్నేదు."

మేం నవ్వేవాళ్ళం. ఆ మాట ఆయన తన గురించే అంటున్నారని మాకేం తెలుసు.

కొత్త సంవత్సరం పండగ చెప్పేటప్పుడు తన చెవి తనే పట్టుకునేవారు. బాబిలోనులో ఆ పండగనాడు పూజారి రాజు కిరీటం, దండం తీయించి పక్కన పెట్టి, చెవి మెలేసి, చెంపమీద కొట్టేవాడట. రాజు కంట్లో నీళ్ళు తిరిగితే దేవుడు సంతోషించినట్టు, ఆ ఏడు గద్దె నిలిచినట్టు. "నీళ్ళు రాపోతేనో సార్?" అని వెనక బెంచీ అడిగేది. "రాపోతే ఏటుంది, చేటు" అనేవారు. చెవి ఎర్రబడేదాకా పట్టుకునే ఉండేవారు.

అన్నిటికన్నా ఇష్టమైనది బదులు రాజు కథ. గ్రహణం పట్టి రాజుకి ప్రాణగండం ఉందని జ్యోతిష్కులు తేల్చితే, ఎవడో అనామకుణ్ణి తెచ్చి రాజు బట్టలు కట్టి గద్దెమీద కూర్చోబెట్టేవారు. వచ్చే గండం ఏదో వాడికి వస్తుంది. అసలు రాజు ఒక పాకలోకి వెళ్ళి ఉండేవాడు. అన్నాళ్ళూ ఆయన్ని రాజా అని పిలవకూడదు, రైతు అనాలి. గడువు తీరాక బదులు రాజుని చంపి, రాజలాంఛనాలతో పాతిపెట్టేవారు. గండం గడిచింది కనక రైతు మళ్ళీ రాజయ్యేవాడు.

అయితే ఒకసారి లెక్క తప్పింది. ఇసిన్ అనే ఊళ్ళో రాజు ఒక తోటమాలిని బదులు కూర్చోబెట్టి, తను లోపలికి వెళ్ళి వేడి వేడి అంబలి తాగుతూ తాగుతూ చచ్చిపోయాడట. తోటమాలి గద్దె దిగలేదు. వాడే రాజయిపోయాడు.

ఇక్కడ ఆయన రెండు చేతులతో లేని ముంత పట్టుకునేవారు. పెదాలు సున్నాలా చుట్టి, ఉఫ్, ఉఫ్, ఉఫ్ అని ఊదేవారు. ఊదేటప్పుడు కళ్ళు మూసుకుని తల కొంచెం ఎడమకి వంచేవారు. ఒక గుటక వేసి, కళ్ళు తేలేసి, బల్లమీద ఒరిగిపోయేవారు. క్లాసు గొల్లుమనేది. పక్క క్లాసు వాళ్ళు కిటికీల్లోంచి చూసేవారు. "సోడంబలే అంటారా సార్?" అని అరిచేవాళ్ళు. "సోళ్ళు అక్కడెక్కడివిరా, బార్లీ గావాల" అనేవారు, చచ్చినవాడు చచ్చినట్టే పడుకుని.

ఒకరోజు క్లాసయ్యాక నన్ను ఆపారు.

"మీ మేనత్తది పొందూరే గదమ్మా? ఎర్రంచు కండువా ఒకటి తెప్పించు. మరీ సన్నంది వద్దు. తడిసినా నిలాల."

మా మేనత్త నూలు వడికేది. ఆవిడకి చెబితే, "తడిసినా నిలాలంటాడేటే? కండువాతో సేపలు పడతాడేటి మీ మేస్టరు?" అంది. అన్నా కూడా మంచిదే ఏరి ఇచ్చింది. తెచ్చి ఇచ్చినప్పుడు ఆయన మడత విప్పి, అంచు వేళ్ళతో నలిపి చూసి, అప్పుడు చెప్పారు అసలు సంగతి.

వాళ్ళ పల్లెలో కులపెద్దని రాజు అంటారు. రాజ్యమేమీ ఉండదు. తగవులు తీర్చాలి, పెళ్ళికీ చావుకీ ముందు నిలబడాలి, ఏటా వర్షాల పోటు తగ్గాక గంగమ్మకి మొక్కి తొలి తెప్ప ఎక్కాలి. మాస్టారి తండ్రే ఆ ఊరికి రాజు. ఈయన పెద్దకొడుకు.

"అయ్యకి సూపు పోనాది. ఈ ఏడు తొలి తెప్ప ఆయన బదులు ఎవుడెక్కితే ఆడే రేపు రాజు. రాజయినోడు ఒకలికింద జీతం సెయ్యకూడదు. ఊరిడిసి కాపురముండకూడదు. ఎక్కితే ఈ ఉద్యోగం పోతాది. ఎక్కనంటే అయ్య పోతాడు."

"మరి ఎలాగండీ?" అన్నాను.

ఆయన కండువా మీద చెయ్యేసి నవ్వారు. వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతి ఉందట. జ్వరమొచ్చో, ఊరెళ్ళో వేటకి రాలేని మనిషి కండువా తెచ్చి వల పక్కన పెడితే, అందరితో పాటు ఆ కండువాకీ వాటా పెట్టాలి. ఎవరూ కాదనడానికి లేదు. కండువా ఉంటే మనిషి ఉన్నట్టే.

"నా కండువా తలకి సుట్టుకుని మా తమ్ముడెక్కుతాడు. పేరుకి రాజుని నాను, పని సేసీవోడు ఆడు. కండువా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నాను ఊళ్ళో ఉన్నట్టే, ఉద్యోగం పోదు. ఆడికీ అదే ఇష్టం. అయ్య కూడా ఒప్పుకున్నాడు."

"బాబిలోనులో ఆ బదులు రాజుని చివర్లో చంపేస్తారు కదండీ" అన్నాను. పరీక్షకి చదువుకున్న పిల్లని, నోటికి వచ్చింది అనేశాను.

"అది బాబిలోనమ్మా. ఇది మనూరు" అన్నారు.

తెప్పలు దించే రోజున మా క్లాసుని రమ్మన్నారు. నన్ను మా నాన్న పంపడనుకున్నాను. సముద్రం చేప తాజాగా దొరుకుతుందని తనే బయల్దేరాడు. వెళ్ళేసరికి డప్పులు మోగుతున్నాయి. ముసలి రాజుని నులకమంచంమీద ఒడ్డుకి మోసుకొచ్చారు. చూపు లేని కళ్ళు సముద్రం వైపే తిప్పి కూర్చున్నాడు. తమ్ముడు మాస్టారంత పొడుగే, ఒళ్ళు మాత్రం రెట్టింపు. తలకి మా పొందూరు కండువా. అతని భార్య చంటివాణ్ణి చంకనేసుకుని కొంచెం దూరంలో నిలబడింది.

"అన్నా, నీ కండువా సుట్టుకున్నాక నాకు ఇంగిలీసు వచ్చీసినట్టున్నాది. ఏటైనా అడుగు, సెప్పీస్తాను" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు. మాస్టారు ముందుకు వెళ్ళి ఆ తలపాగా ముడి ఒకసారి విప్పి, గట్టిగా మళ్ళీ కట్టారు.

తెప్ప దించారు. అలలు దాటే చోట ఒక పెద్ద కెరటం దాన్ని నిలువునా లేపి బోర్లా వేసింది. తెప్పలు బోర్లాపడడం అక్కడ రోజూ ఉండేదే. ఒడ్డున ఎవరూ పెద్దగా కంగారుపడలేదు, డప్పులు కూడా ఆగలేదు. మిగతావాళ్ళు తేలారు, ఈదుకుంటూ వచ్చారు. తమ్ముడు తేలలేదు. తెప్ప దుంగ తలకి తగిలిందన్నారు తరవాత. అప్పుడు డప్పులు ఆగాయి.

పొద్దు వాలేదాకా వెతికారు. మనిషి దొరకలేదు. ఆటు మొదలయ్యాక తడి ఇసకమీద కండువా కనిపించింది. ఎర్రంచు దూరానికే తెలిసింది నాకు. రంగు దిగలేదు, నేత జారలేదు. ఎవరో తెచ్చి ముసలి రాజు ఒళ్ళో పెట్టారు. ఆయన అంచు ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమాడు.

"ఇది నా పెద్దోడిది" అన్నాడు.

"రాజా, కట్టుకుంది సిన్నోడు గదా" అన్నాడు పక్కనున్న ముసలాయన, మెల్లిగా.

"వాటా అడిగినప్పుడు కండువాయే మనిషన్నారు. సచ్చినప్పుడు కాదంటారేటిరా? పెద్దోడు పోనాడు. సిన్నోడు ఒడ్డునున్నాడు. కోడలు గాజులు తియ్యకూడదు. ఎవులూ ఏడిపించకండి దాన్ని."

మతిపోయి అన్నాడనుకోవద్దు. నేను అక్కడే ఉన్నాను. ఆ గొంతు తగవు తీర్చే గొంతు. గుడ్డివాడే గాని, చంకలో పిల్లాడితో నిలబడ్డ కోడలు, ఉద్యోగం కోసం గద్దె వద్దన్న కొడుకు, రేపటి నుంచి పెద్దదిక్కు లేని పల్లె, అన్నీ ఆయనకి కనిపిస్తూనే ఉన్నాయి. ఉన్న ఒక్క కొడుకుతో మూడూ సర్దాడు. అక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు పోయిందెవరో. తెలిసే తల ఊపారు.

మాస్టారి తల్లి లేచి వచ్చింది. "ఒరే సిన్నోడా" అని మాస్టారిని పిలిచింది. అప్పుడు ఫెడీమని చెంపమీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. నేను ఆయన కళ్ళే చూస్తున్నాను. నీళ్ళు రాలేదు. నాకూ రాలేదు.

నోరు విప్పి, అమ్మా నేను పెద్దోణ్ణి అంటే సరిపోయేది. ఊరంతా ఆ మాట కోసమే ఆగినట్టు అనిపించింది నాకు. ఆయన చేతి గడియారం విప్పారు. తమ్ముడికి గడియారం ఎప్పుడూ లేదు. దాన్ని తీసుకెళ్ళి తండ్రి ఒళ్ళో ఉన్న తడి కండువా మీద పెట్టారు. ఆ రెంటినీ కలిపి మూటకట్టి, పెద్దకొడుక్కి చెయ్యవలసినవన్నీ చేసి, ఇసక గట్టు మీద పాతిపెట్టారు. మా నాన్న చేప సంగతి మరిచిపోయాడు. ఆ కండువా తెచ్చింది నేనే. అందులో నా తప్పేమీ లేదు, ఎవరూ అనలేదు కూడా. ఊరికే చెబుతున్నాను.

కొన్నాళ్ళకి మాస్టారు గుండుతో కాలేజీకి వచ్చారు. రాజీనామా ఇవ్వడానికి వచ్చారట. ఇచ్చి పోకుండా మా క్లాసుకి వచ్చి, ఆగిన పాఠం ఆగిన చోటే ఎత్తుకున్నారు. ఆగింది తోటమాలి దగ్గర కాదు, అయినా మాటల్లో అక్కడికే వెళ్ళారు. రెండు చేతులతో ముంత పట్టారు, కళ్ళు మూసుకున్నారు, తల ఎడమకి వంచారు, ఊదారు. ఒక్కరూ నవ్వలేదు. బల్లమీద ఒరగలేదాయన. చేతులు దించేశారు.

"తోటమాలి గద్దె దిగలేదు అని రాశారు. ఎందుకు దిగలేదో రాయలేదు" అన్నారు. "దిగనివ్వలేదు గావాల" అన్నారు.

వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. గంట కొట్టేదాకా అలాగే కూర్చున్నారు. గంట కొట్టాక మేమే లేచి బయటికి వచ్చాం.

ఆ మరుసటి ఏడు నా పరీక్షలు అయ్యాక మా నాన్న, "ఓసారి సూసొద్దామే ఆ బాబుని" అన్నాడు. ఎందుకో ఆయన మనసులో అది ఉండిపోయింది. వెళ్ళాం. ముసలి రాజు అప్పటికి పోయాడు. కొత్త రాజు గుమ్మం ముందు పందిట్లో కూర్చుని వల బాగుచేస్తున్నారు. ఒంటిమీద చొక్కా లేదు. ఎండకి నల్లబడ్డారు, వేళ్ళు మొద్దుబారాయి. ఇద్దరు మనుషులు ఏదో తగవు చెప్పుకుంటుంటే తల ఎత్తకుండానే వింటున్నారు. నడవడం నేర్చిన పిల్లాడొకడు ఆయన వీపు పట్టుకుని వేళ్ళాడుతూ, "అయ్యా, అయ్యా" అంటున్నాడు.

"మాస్టారూ" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. గుర్తుపట్టారు. అది మాత్రం నాకు కచ్చితంగా తెలుసు.

"మేస్టరు మా అన్నమ్మా. ఆడు పోనాడు గదా" అన్నారు. నెమ్మదిగా, మర్యాదగా. "ఆడి దగ్గిర సదూకున్నారేటి?"

"ఆఁ" అన్నాను.

"బాగా సెప్పీవోడా?"

నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియదు. ఆ కోపం కూడా ఎక్కువసేపు నిలవలేదు. "బాగా చెప్పేవారు" అన్నాను. ఆయన తల ఊపి, మళ్ళీ వల కన్నులోకి దారం ఎక్కించుకున్నారు. మా నాన్న పక్కకి తిరిగి పిల్లాణ్ణి ఏదో పలకరించాడు.

లోపలినుంచి తమ్ముడి భార్య వచ్చింది. చేతులకి గాజులున్నాయి, నుదుట బొట్టుంది. మాకు చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి, ఆయన పక్కన అంబలి ముంత పెట్టింది. చేతికి ఇవ్వలేదు. ఇసకమీద పెట్టి వెనక్కి వెళ్ళి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ముంత అంచున ఉల్లిపాయ ముక్క, లోపల నల్లగా రాత్రి చోడంబలి.

ఆయన వల పక్కన పెట్టి, ముంత రెండు చేతులతో ఎత్తారు. కళ్ళు మూసుకున్నారు. తల కొంచెం ఎడమకి వంచారు.

ఉఫ్. ఉఫ్. ఉఫ్.

ఆమె నాకేసి చూసింది. అంత దూరం వచ్చి మాస్టారూ అని పిలిచిన మనిషిని నేనే కనక నాతోనే చెప్పాలనుకుందో, ఇంకెవరితోనూ చెప్పడానికి లేకపోయిందో. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"రోజూ ఇంతేనమ్మా. సద్దంబలి సల్లగా ఉంటాది. ఊదుకుని తాగుతాడేటి ఎవుడైనా?" అంది. "మా ఆయన ఊదీవోడు కాదు."

ఆయనకి వినబడింది. కళ్ళు తెరవలేదు, ముంత దించలేదు. ఇంకోసారి ఊది, తాగారు.